ఇల్లాలి మాటకు లెక్క

కాగితములు చేతబట్టుకొని లెక్కలవారెవరైన మన గుమ్మములోనికి వచ్చినచో మొట్టమొదట నడుగు మాట యేది? "యజమానిగారున్నారా అమ్మా?" అని కదా! లేరని చెప్పినంతనే "అట్లయిన సాయంకాలము వచ్చెదము" అని వెడలిపోవుదురు. కుళాయినీరు తెల్లవారుజామున నెన్ని గంటలకు వచ్చి యెంతసేపు నిలుచునో, చౌకడిపో బియ్యము నెలలో నెన్నవ దినమునకు నిండుకొనునో, పసివానికి జ్వరము తగిలిన నే వైద్యశాలలో మందు దొరకునో యెరిగిన మనిషి వారి యెదుటనే నిలిచియుండును. ఎరుగని మనిషికొరకు వారు మరల రెండుసారులు తిరుగుదురు.

ఇట్టి చిక్కు మనదేశమునకే ప్రత్యేకమైనది కాదు. అమెరికాదేశమున టెలిఫోను మూలమున ప్రజల యభిప్రాయములను సేకరించువారికిని ఇది తటస్థించెను. ఇంట ఫోను మ్రోగినప్పుడు దాని నెత్తుట కొందరికలవాటు, కొందరికి కాదు. ఎత్తినవారినే యడుగుచు పోయినచో, ఊరిలో ఫోనెత్తు స్వభావముగల వారి మాటయే యూరిమాటగా చెలామణియగును. కావున వారొక యుపాయము కనుగొనిరి. "మీ యింట పదునెనిమిదేండ్లు నిండినవారిలో ఎవరి పుట్టినరోజు అందరికంటె ముందు రానున్నది?" అని యడిగి ఆ మనిషినే పిలిపింతురు. అత్తగారైన అత్తగారు, కోడలైన కోడలు, సంపాదించు కుమారుడైన కుమారుడు. పుట్టినరోజు పెద్దరికము నెరుగదు, జీతమునెరుగదు గదా! ఇంతకంటె సులువైన న్యాయము నాకు తోచుటలేదు.

ఇట్లు పద్ధతిగా నడుగుటను, అడిగినదానిని లెక్కగట్టుటను, లెక్కగట్టినదానిని మరల ఊరివారికే యప్పగించుటను ఒక చిన్న కళాశాల తన విద్యలో భాగముగా జేసికొన్నది. దాని వృత్తాంతమును నేడు చెప్పదలచితిని. ఆ కళాశాలవారి నివేదికలు ఎవరికైనను చదువుకొన లభించుచున్నవి. ఆంగ్లమునందు నాకు గల పరిచయము కొంచెమే యగుటచే మా యింటివారి సాయమున వానిలో కొన్నిటిని చదివితిని.

మొదట కమ్యూనిటీ కాలేజీ యన నేమో తెలిసికొనవలయును. అది ఆ దేశమున ఇంటిచేరువనుండు రెండేండ్ల కళాశాల. ఇలినాయి రాష్ట్రములోని జోలియెట్ అను నూరిలో 1901వ సంవత్సరమున ఇట్టి ప్రభుత్వ కళాశాల మొదట వెలసెను. 1947లో అధ్యక్షుడు ట్రూమను నియమించిన విద్యాసంఘమువారు ఇట్టివి దేశమంతటను నుండవలెనని చెప్పినపిదప ఈ పేరు వాడుకలో స్థిరపడినది. జీతము తక్కువ, దూరాభారము లేదు, వయోనియమము లేదు. పగలు దుకాణమునందు పనిచేసి సాయంకాలము పాఠమునకు వచ్చువారును, బిడ్డలను బడికి బంపి తాము కళాశాలకు బోవు తల్లులును అందు గలరు. చదువుకొనువారిలో సగమునకు మించి స్త్రీలే. మహావిద్యాలయములు లోకమునకై యున్నవనుకొన్నచో, ఇవి తమ యూరికై యున్నవి. కనుకనే ఊరిని గురించి విచారించుట వీనికి తగినపనియని నా తలంపు.

నేను చెప్పునట్టి కళాశాల వాటర్‌టౌను అను పట్టణమునందున్నది. న్యూయార్కు రాష్ట్రమనినంతనే మనకు ఆకాశమునంటు మేడలు స్ఫురించును గాని, ఈ పట్టణము ఆ మహానగరమునకు బహుదూరమున, రాష్ట్రముయొక్క ఉత్తరపుటంచున, కెనడా సరిహద్దుకు చేరువగా నున్నది. పడమట అంటారియో మహాసరస్సు. చలికాలమున దానిమీదుగా వచ్చుగాలి మంచును రాసులుగా గ్రుమ్మరించును. చుట్టును పాడిపశువుల పొలములు. ప్రక్కనే ఫోర్టు డ్రమ్ అను పెద్ద సైనికస్థావరము. ఈ జిల్లాకు జెఫర్సను జిల్లా యనిపేరు. 2020 జనాభాలెక్కల ప్రకారము ఇందు 1,16,000 పైచిలుకు జనులు గలరు. అనగా మన యొక పట్టణమంత జిల్లా. తరతరములుగా నేల నంటియున్న కాపులు కొందరు. సిపాయి భర్త కుద్యోగము మారుటచే నిన్ననే మూటముల్లెతో దిగి, మూడేండ్లకు మరల కదలిపోవు ఇల్లాండ్రు కొందరు. వీరందరి మనస్సులోనిది తెలియుట యెట్లు?

అక్కడి జెఫర్సను కమ్యూనిటీ కాలేజీ 1961లో స్థాపింపబడినది. 1999వ సంవత్సరమున ఆ కళాశాలలో జనసమాజమును గురించి పరిశోధించుట కొక కేంద్రమును నెలకొల్పిరి. 2000 మొదలుకొని యేటేట జిల్లావాసులను విచారించుట వారు సాగించిరి. తరువాత నది పొరుగు జిల్లాలకును వ్యాపించినది. వారడుగునవి పెద్దపెద్ద సిద్ధాంతములు కావు. వైద్యము అందుబాటులోనున్నదా, బిడ్డలను విడిచి పనికిబోవుటకు శిశుసంరక్షణశాలలు కలవా, ముసలివారిని చూచుదిక్కు గలదా, ఇండ్లు దొరకుచున్నవా, మంచి యుద్యోగములున్నవా, బడులెట్లున్నవి, ఇంధనమున కయ్యెడు ఖర్చెట్లున్నది, ఊరు బాగుపడుచున్నదా దిగజారుచున్నదా – ఇట్టివే. ఈ పట్టికను చూచినపుడు నాకు కలిగిన మొదటి తలంపేమనగా, ఇందు సగము ప్రశ్నలు వంటింటివి. శిశుసంరక్షణమును గురించి యొక జిల్లా జిల్లా నంతను వరుసగా నేటేట నడుగుచుండుట సామాన్యమైన విషయమా?

ఒకసారి యడిగి యూరకున్నచో ఫలము స్వల్పము. మనము బిడ్డను ద్వారబంధమునకానించి నిలువబెట్టి పుట్టినరోజు పుట్టినరోజునకు గీతగీయుదుము. ఒక్క గీతవలన నేమి తెలియును? మరుసటియేటి గీత దానిపై నెంతయెత్తున బడినదో చూచినగదా ఎదుగుదల తెలియుట! ఆ కేంద్రమువారును ముఖ్యమైన ప్రశ్నలను అవే మాటలలో నేటేట నడుగుదురు. మాట మార్చినచో కొలత మారిపోవును. కొలత మారిన గీతకు విలువలేదు. ఇరువదేండ్ల గీతలొక్కచోట నుండుటయే ఆ చిన్న కేంద్రమునకు గల పెద్దసొత్తు.

ఇంక మాటల సంగతి. ప్రశ్న వేయుట తేలికయని తలంచువారు ఒక్కసారి ప్రయత్నించి చూడవలెను. "నీళ్లకు మీరెంత బాధపడుచున్నారు?" అని యడిగితిమా, బాధ యున్నదని మనమే చెప్పితిమన్నమాట. "బడియు వైద్యశాలయు బాగుగానున్నవా?" యని యడిగితిమా, బడి బాగుండి వైద్యశాల బాగులేని యిల్లాలు ఏమిచెప్పవలెను? "మీరు బిడ్డలకు సకాలమున టీకాలు వేయింతురు కదా?" యని యడిగితిమా, వేయించని తల్లియు సిగ్గుచే ఔననును. వీనికి తోడు మనలో మర్యాద యొకటి గలదు. వచ్చినవారు చిన్నబుచ్చుకొందురేమోయని "అంతయు బాగుగనే యున్నదమ్మా" యందుము. ఇట్టి మర్యాదవలన నిజము మరుగుపడునని ఈ విద్యలో నారితేరినవారు ఎల్లదేశములను గుర్తించిరి. కావున ప్రశ్న త్రాసుముల్లువలె నిటు నటు మొగ్గక నిలువవలెను. దాని నడుగువారి కంఠస్వరమును నట్లే యుండవలెను.

అడుగువారెవరు? ఆ కళాశాల విద్యార్థులే. సాయంకాలవేళ కళాశాలలోని ఫోనులయొద్ద వరుసగా కూర్చుండి వ్రాసియున్న ప్రశ్నను వ్రాసినట్లు చదువుదురు. అందుకు ముందు వారికి శిక్షణ నిత్తురు. జవాబు విని యాశ్చర్యపడరాదు; మెచ్చుకొనరాదు; సలహా చెప్పరాదు. ఒంటరిగానుండు ముదుసలి తన కష్టమంతయు వెళ్లబోసికొనుచుండగా, ఉచితముగ నూకొట్టుటయేగాని తనమాట కలుపరాదు. పదునెనిమిది, పందొమ్మిదేండ్ల పిల్లకు ఇది యెంత కష్టసాధ్యమో తల్లులకు చెప్పనక్కరలేదు. వినుట యనునది విద్యయని మన బడులలో నేర్పుట నేనెరుగను. మన పిల్లలకు చెప్పుట నేర్పుదుము, ఒప్పచెప్పుట నేర్పుదుము.

జిల్లాలో లక్షమందికి మించియుండగా కొన్నివందల మందినే యడిగిన జిల్లా మాట యెట్లు తెలియునని సందేహము గలుగవచ్చును. మన శాస్త్రములలో స్థాలీపులాకన్యాయమని యొకటి గలదు. కుండలోని యొక మెతుకును పట్టిచూచి అన్నముడికినదని చెప్పుట. ఆ మెతుకును ఎక్కడనుండి తీయవలెనో నిత్యము వండువారమైన మన మెరుగుదుము. పైమెతుకు పలుకుగానుండి యడుగుమెతుకు చిమిడి యుండవచ్చును. గరిటెతో నడుగంట కలియబెట్టి తీసిన మెతుకైన నమ్మదగును. ఆ కలియబెట్టుటయే ఈ విద్యలోని రహస్యము. జిల్లాలోని ప్రతిమనిషికిని ఎన్నుకొనబడుటకు సమానావకాశముండునట్లు చీటివేసి తీసినచో, 400 మంది చాలుదురు. వారిలో నూటికి నలువదిమంది యొకమాట చెప్పిన, జిల్లా యంతటను ఆ సంఖ్య ముప్పదియైదుకును నలువదియైదుకును నడుమ నుండునని చెప్పవచ్చును. ఇట్లు చెప్పినమాట నూటికి తొంబదియైదు పర్యాయములు నిలుచును. చిత్రమేమనగా, కుండ పెద్దదైనంతమాత్రమున మెతుకులెక్కువ పట్టిచూడ నక్కరలేదు. లక్షమందికి చాలిన 400, కోటిమందికిని చాలును.

కలియబెట్టక తీసిన మెతుకులెన్నియైనను నిష్ప్రయోజనమని 1936లో అమెరికాదేశ మంతయు కన్నది. లిటరరీ డైజెస్టను పత్రికవారు అధ్యక్షునియెన్నికలో గెలుపెవరిదో చెప్పుటకై సుమారు కోటిమందికి కార్డులు పంపిరి. ఇరువదిలక్షలకు మించి ప్రత్యుత్తరములు వచ్చినవి. లాండను గెలుచునని ప్రకటించిరి. గెలిచినవాడు రూజువెల్టు, 48 రాష్ట్రములలో 46 అతనివే. వారు పేర్లను తీసికొన్నది హెచ్చుగా టెలిఫోను పట్టికలనుండియు, మోటారుబండ్ల జాబితాలనుండియు. ఆ కరవుకాలమున ఫోనును మోటారును గలవా రెవరు? పైమెతుకులు! పైగా పనిగట్టుకొని జవాబు వ్రాసిపంపినవారు వేరు, కార్డును పొయ్యిలో పడవేసినవారు వేరు. అదే యెన్నికలో గాలప్ అనునాతడు అంతకంటె నెంతో తక్కువమందిని తగినరీతి నడిగి రూజువెల్టే గెలుచునని సరిగా చెప్పెను.

నేడు ఇట్టి కేంద్రములన్నిటికిని వచ్చిపడిన యాపద యిదియే. పిలిచినను పలుకువారు కరవగుచున్నారు. ప్యూ పరిశోధనాసంస్థవారు తమ టెలిఫోను సర్వేలను గురించి తామే ప్రకటించిన లెక్కను చూడుడు. 1997లో నూరిండ్లను పిలిచిన 36 ఇండ్లవారు జవాబు చెప్పిరి; 2012 నాటికి 9 ఇండ్లవారు; 2018 నాటికి 6 ఇండ్లవారు మాత్రమే. కారణము వెదకబనిలేదు. మన చేతిఫోనులోను దినమున కెన్ని పిలుపులు వచ్చుచున్నవి! స్థలము కొనుమని యొకరు, అప్పు తీసికొనుమని యొకరు, బ్యాంకువారమని బొంకి సొమ్ము కాజేయుట కొకరు. "సర్వే చేయుచున్నామమ్మా" యని తీయగా మొదలిడి వస్తువు నంటగట్టువారు ఆ దేశమునను గలరు, ఈ దేశమునను గలరు. దొంగ యొకడు సన్న్యాసి వేషము వేసినచో తరువాత వచ్చిన నిజమైన సన్న్యాసికి భిక్ష పుట్టదు.

అందుచే ఇప్పుడు ఇట్టివారు ఇంటిఫోను, చేతిఫోను, ఉత్తరము, ఇంటర్నెట్టు అను మార్గములను కలిపి యడుగుచున్నారు. వచ్చిన జవాబులలో వృద్ధస్త్రీలు హెచ్చుగను పడుచువాండ్రు తక్కువగను నున్నచో జనాభాలెక్కలతో పోల్చి పడుచువాని యొక్కమాటను ఒకటిన్నరగనో రెండుగనో తూచి సరిచేయుదురు. పులుసులో ఉప్పు తగ్గినచో మరికొంచెము వేయుటవంటిది. ఇది యుచితమే. ఐనను ఎసటిలో పడని బియ్యమును ఏ తూకమును అన్నము చేయజాలదు. అసలు తలుపే తీయనివారి మాటకు తూకమేది? ఈ చిక్కును పూర్తిగ విప్పిన గణితశాస్త్రజ్ఞుడు నేటివరకు లేడు. పరిహార మేదైన నున్నచో నది గణితములో గాక నమ్మకములో నున్నదని నాకు తోచును. పిలుచునది ఎక్కడిదో దూరపుసంస్థ కాక, తన పిల్లయో ప్రక్కింటి పిల్లయో చదువుకొను కళాశాలయైనచో, "చెప్పు తల్లీ" యని నాలుగుమాటలు చెప్పుటకు మనసొప్పును. ఊరికళాశాలకు గల బల మిదియే.

ఆ నమ్మకమును గాపాడుటకు కట్టుదిట్టములును గలవు. అమెరికాలోని టస్కీగీ అనుచోట 1932 మొదలు 1972 వరకు, సవాయిరోగముతోనున్న నల్లజాతి పేదలకు నిజము చెప్పక, మందు దొరకినపిదపను మందీయక, రోగ మెట్లు ముదురునో చూచుచు కూర్చుండిరి. ఆ ఘోరము బయటపడినపిదప 1974లో చట్టమొకటి పుట్టి, మనుష్యులపై జరుపు పరిశోధనలను ముందుగా పరీక్షించు సంఘములు విద్యాసంస్థలలో నేర్పడినవి. వానివలననే నేడు ప్రశ్న వేయుటకు ముందు "ఇష్టమైననే చెప్పుడు, ఏ ప్రశ్ననైనను విడువవచ్చును, ఎప్పుడైనను ఆపవచ్చును" అని చెప్పుట పరిపాటియైనది. జవాబును పేరునుండి వేరుచేసి యుంచుదురు. ఈ గుర్తులు మనకును పనికివచ్చును. నిజమైన విచారణకర్త బ్యాంకు ఖాతాసంఖ్య నడుగడు, ఫోనునకు వచ్చిన ఓటీపీ నడుగడు, సొమ్మడుగడు, వద్దనిన నాగ్రహింపడు.

అన్నిటికంటె నాకు నచ్చినది లెక్కను మరల నప్పగించుట. వాటర్‌టౌను కేంద్రమువారు యేటి ఫలితములను ప్రకటింతురు. ఎందరినడిగిరో, ఎట్లడిగిరో, పొరపాటున కెంత యవకాశమున్నదో అన్నియు అందే వ్రాయుదురు. మన యిండ్లకు వచ్చి వ్రాసికొనిపోయిన కాగితము లేమైనవో మనకెన్నడైన తెలిసినదా? మావారు బడిపంతులగుటచే 2011లో జనాభాలెక్కలకు వీధివీధి తిరిగిరి. ఒక యింట ముసలమ్మ "పోయినసారియు చెప్పితిని నాయనా, ఏమైన దది?" అని యడిగినదట. ఆమెకు జవాబు చెప్పదగిన యేర్పాటు ఆ పుస్తకములో లేదు.

ఇట్లు విద్యార్థులచే ఊళ్లను విచారింపజేయుట మన ప్రాంతమునకు వింతకాదు. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు అర్థశాస్త్రాచార్యుడుగ వచ్చిన గిల్బర్టు స్లేటరు ప్రశ్నల పట్టిక నొకదానిని వ్రాసి, సెలవులకు స్వగ్రామములకు బోవు విద్యార్థుల చేతికిచ్చెను. భూమి యెవరిది, కూలి యెంత, అప్పెంత, తిండి యేమి యని వారు తమ యూళ్లలోనే యడిగి వ్రాసితెచ్చిరి. ఆ వ్రాతలు 1918లో గ్రంథముగ వెలువడినవి. 1936–37లో ఆ గ్రామములలో కొన్నిటిని మరల విచారించి 1940లో రెండవ గ్రంథమును ప్రకటించిరి. తెలుగుజిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే కదా! ద్వారబంధముమీది గీతల యుపయోగమును మనవారు నూరేండ్లనాడే యెరిగియుండిరి. కాని ఆ విద్యార్థులలో అందరునో, ఇంచుమించుగ నందరునో పురుషులు; వారు కూర్చున్నది రచ్చబండమీద.

నేడట్లు కాదు. మన పట్టణములలోని డిగ్రీ కళాశాలలనిండ ఆడుపిల్లలున్నారు. ప్రశ్న వ్రాయుటకు తెలుగు, చీటివేయుటకు కొంచెము గణితము, వినుటకు ఓర్పు – ఇంతకంటె పెద్దపెట్టుబడి ఈ విద్యకు వలదు. ఒక్క చిక్కుమాత్రము గలదు. సొమ్మిచ్చువాడు ప్రశ్నను తనవైపు త్రిప్పుకొనజూచును. పురపాలకసంఘమువారి సొమ్ముతో పురపాలకసంఘమును గూర్చి యడుగునపుడు త్రాసుముల్లు నిలుచునా? ఫలిత మెట్లున్నను ప్రకటించెదమని అడుగుటకు ముందే వ్రాయించుకొనని కేంద్రము, నా యభిప్రాయమున, తెరువకుండుటయే మేలు.

ఇల్లాలినే యడుగవలెనను పట్టుదల మనదేశములో బొత్తిగ లేదనరాదు. 1992–93లో మొదలై, అయిదవసారి 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలకు ప్రత్యేకముగ ప్రశ్నపత్రమున్నది. యజమానిని గాక ఆమెనే యడుగుదురు; అడుగువారును స్త్రీలే. ఇంటిలో దెబ్బలు తినుటను గూర్చిన ప్రశ్నలు కొన్ని యందున్నవి. వానిని ఒక యింట ఒక్క స్త్రీనే, అదియు ఎవరును వినకుండ నడుగవలెనని నియమము. ఒకే యింట ఇద్దరినడిగినచో ఏమడిగిరో రెండవవారివలన బయటికి పొక్కి, చెప్పిన యామెకు కీడు మూడవచ్చును. అత్తగారుగాని భర్తగాని అక్కడనుండి కదలక, చాటు దొరకనిచో, విచారణకు వచ్చిన యామె ఆ ప్రశ్నలను నోటబలుకక, ఏకాంతము లభింపలేదని ఆ పత్రముమీద గురుతు వేసికొని తరువాతి భాగమునకు పోవలెను. దేశమంతటినుండి చేరిన పత్రములలో ఆ గురుతు నొక జవాబువలెనే లెక్కింతురు.